అంతర్యుద్ధం రాకపోయుంటే అమెరికాలో బానిసత్వం దానంతటదే పోయేదా?

ప్రశ్న అడిగినవారు రాసింది క్లుప్తంగా ఇది. బ్రిటన్, బ్రెజిల్ లాంటి దేశాలు యుద్ధం లేకుండానే బానిసత్వాన్ని వదిలించుకున్నాయి. అమెరికాలో కూడా యంత్రాలు పెరిగాక ఓ పది ఇరవై ఏళ్లలో దానంతటదే పోయేది కదా? కాదంటే ప్రభుత్వమే యజమానులకు డబ్బు కట్టి బానిసలందరినీ విడిపించి ఉంటే అన్ని లక్షల ప్రాణాలు మిగిలేవి కదా?

డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లు చరిత్ర చెప్పాను. దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు లేచి ఇదే అడిగేవారు. మొదట్లో నేను కూడా "పోయేదేమో, కాకపోతే కొంచెం ఆలస్యంగా" అని చెప్పి ముందుకు వెళ్లిపోయేవాణ్ణి. అది తప్పు జవాబు. ఆ కాలపు జనాభా లెక్కలు, ధరలు, చట్టసభల ఓట్లు దగ్గర పెట్టుకుని చదివాక నా అభిప్రాయం పూర్తిగా మారింది. అందుకే కాస్త పెద్దగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

ముందు సూటిగా చెప్పేస్తాను. దానంతటదే పోయేది కాదు. ఉత్తరానికి ఆనుకుని ఉన్న మేరీలాండ్, మిస్సోరీ లాంటి సరిహద్దు రాష్ట్రాల్లో 1880ల, 1890ల దాకా అయినా సాగేది. పత్తి పండే లోపలి దక్షిణంలో 20వ శతాబ్దంలోకి కూడా వచ్చేది. ఇది నా అంచనా. ఎందుకంటున్నానో చెప్పడానికి పత్తి పొలాల నుంచి కాకుండా, పత్తే లేని ఒక చిన్న రాష్ట్రం నుంచి మొదలుపెడతాను.

మా అమ్మాయి కాపురం డెలావేర్‌లో, విల్మింగ్టన్ దగ్గర. చాలా చిన్న రాష్ట్రం, ఈ కొస నుంచి ఆ కొసకి కారులో రెండు గంటలు. 1790 లెక్కల్లో అక్కడ 8,887 మంది బానిసలు ఉండేవారు. 1860 నాటికి 1,798 మందే మిగిలారు. అదే సమయంలో ఆ రాష్ట్రంలో దాదాపు 20 వేల మంది నల్లజాతివారు స్వేచ్ఛగా కూలీనాలీ చేసుకుని బతుకుతున్నారు. అంటే బానిసలు లేకుండా వ్యవసాయం నడవదు అనడానికి అక్కడ వీలే లేదు. బానిసత్వం శాంతిగా, దానంతటదే ముగిసిపోవాల్సిన చోటు దేశం మొత్తం మీద ఏదైనా ఉందీ అంటే అది డెలావేరే.

1861 నవంబరులో, విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలతో యుద్ధం మొదలైన ఏడు నెలలకి, అధ్యక్షుడు లింకన్ సరిగ్గా మీరడిగిన పనే చేయబోయాడు. డెలావేర్ బానిసత్వాన్ని అంచెలంచెలుగా రద్దు చేస్తే తలకి 400 డాలర్ల చొప్పున, మొత్తం 7,19,200 డాలర్లు కేంద్రం చెల్లిస్తుందని కబురు పెట్టాడు. బిల్లు ముసాయిదా కూడా తయారైంది. తీరా చట్టసభలో ఓట్లు లెక్కేసుకుంటే నెగ్గదని తేలింది. దాన్ని సభలో ప్రవేశపెట్టనే లేదు.

లింకన్ అక్కడితో వదల్లేదు. 1862 మార్చిలో ఒక సెనేటర్‌కి రాసిన ఉత్తరంలో పెన్నూ కాగితం పెట్టుకుని లెక్క కట్టి మరీ చూపించాడు. డెలావేర్ బానిసలందరికీ కట్టే సొమ్ము యుద్ధానికయ్యే సగం రోజు ఖర్చుకన్నా తక్కువ. డెలావేర్, మేరీలాండ్, కెంటకీ, మిస్సోరీ, రాజధాని వాషింగ్టన్, వీటన్నిట్లో ఉన్న 4,32,622 మందికీ అదే రేటున కట్టినా 87 రోజుల యుద్ధ ఖర్చుతో సరిపోతుంది. ఆ జులైలో, బానిసత్వం ఉన్నా విడిపోకుండా ఉత్తరాదితోనే ఉన్న ఈ సరిహద్దు రాష్ట్రాల ప్రతినిధుల్ని పిలిపించుకుని దాదాపు బతిమాలాడు. ఎక్కువమంది కాదనే అన్నారు.

ఎందుకు కాదన్నారు? డబ్బు చాలకనా? డెలావేర్ విషయంలో ఆ మాట అనలేం. 1,798 మందిలో పిల్లలున్నారు, ముసలివాళ్లున్నారు, తలకి 400 అంటే వచ్చిన నష్టమేమీ లేదు. అసలు భయం వేరు. ఇవాళ విడిచిపెడితే రేపు ఓటడుగుతారు, కోర్టులో సాక్ష్యం చెప్తామంటారు, మన పక్కన సమానంగా నిలబడతారు. బానిసత్వం అక్కడ ఆస్తి మాత్రమే కాదు, ఎవరు పైన, ఎవరు కింద అని తేల్చే కట్టుబాటు. కట్టుబాటుని డబ్బిచ్చి కొనలేం. కులం సంగతి తెలిసిన మనకి ఇది వేరేవాళ్లు విప్పి చెప్పనక్కర్లేదనుకుంటాను.

పరిహారం పద్ధతి అమెరికాలో ఒక్కచోట మాత్రం నడిచింది, రాజధాని వాషింగ్టన్‌లో. 1862 ఏప్రిల్ 16న చట్టం చేసి తలకి సగటున 300 డాలర్లు మించకుండా ఇచ్చి సుమారు 3,100 మందిని విడిపించారు. అక్కడెందుకు నడిచిందో చూడండి. ఆ ఊరు నేరుగా కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) పాలనలో ఉంది. యజమానుల సమ్మతి అవసరం లేదు. పైగా దక్షిణాది సభ్యులు అప్పటికే లేచి వెళ్లిపోయారు కాబట్టి బిల్లు నెగ్గింది. అంటే పరిహారం కూడా యుద్ధం వల్లే సాధ్యపడింది.

ఇక దేశం మొత్తానికి కట్టాల్సి వస్తే? 1860లో బానిసలు దాదాపు 39.5 లక్షల మంది. లింకన్ చెప్పిన 400 డాలర్ల రేటుకే 158 కోట్ల డాలర్లు. ఆ ఏడాది కేంద్ర ప్రభుత్వం మొత్తం ఖర్చు సుమారు 6.3 కోట్లు. అంటే సైన్యం, తపాలా, జీతాలు అన్నీ ఆపేసి పాతికేళ్లు కట్టాలి. అది కూడా సగం ధరకో, అంతకన్నా తక్కువకో. మార్కెట్ విలువ 300 కోట్ల పైమాటే, అంటే దాదాపు యాభై ఏళ్ల బడ్జెట్. దేశంలోని రైల్వేలూ ఫ్యాక్టరీలూ కలిపినా దానికి సరితూగవు. బ్రిటన్ 1833లో కట్టింది 2 కోట్ల పౌన్లు, దాని ఏడాది ఖర్చులో ఇంచుమించు 40 శాతం. చిన్న మొత్తం కాదు, ఆ అప్పు తాలూకు బాండ్లు 2015లో గానీ పూర్తిగా తీరలేదు. అయినా 40 శాతానికీ, యాభై ఏళ్ల బడ్జెట్‌కీ పోలికెక్కడ?

ఇంకో సంగతి ఇక్కడే చెప్పాలి, ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఈ లెక్కలన్నిట్లో పరిహారం యజమానికే. ఊడిగం చేసినవాడికి ఒక్క డాలర్ రాయలేదు.

ఇప్పుడు యంత్రాల మాట. పత్తి జిన్నింగ్ అంటే గుంటూరు, ఆదోని వాళ్లకి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. గింజని, దూదిని వేరు చేయడం. చేత్తో చేస్తే ఒక మనిషికి రోజంతా పట్టే పని. 1793లో ఎలీ విట్నీ ఆ పనికి యంత్రం కనిపెట్టాడు. దానివల్ల బానిసల అవసరం తగ్గిందా? తగ్గలేదు, ఊహించనంతగా పెరిగింది. గింజ తీయడం తేలికైంది కాబట్టి ఇంకా ఎక్కువ భూమిలో పత్తి వేశారు. విత్తడానికి, కలుపు తీయడానికి, పత్తి తీయడానికి ఇంకా ఎక్కువ చేతులు కావాల్సి వచ్చాయి. 1790లో 7 లక్షల లోపు ఉన్న బానిసలు 1860కి 40 లక్షలకు దగ్గరయ్యారు. యంత్రం వస్తే బానిసత్వం పోతుందనేవారికి నా మొదటి జవాబు ఈ యంత్రమే.

రెండో జవాబు పత్తి తీత. తీసినవాళ్లకి తెలుసు. కాయలన్నీ ఒక్కసారి పగలవు, అదే చేలోకి మళ్లీ మళ్లీ వెళ్లాలి. ఎండిన గుల్ల అంచు గోరు మూలల్లో గుచ్చుకుంటుంది, సాయంత్రానికి వేళ్లు మండుతాయి. ఈ పనికి సరిపడే యంత్రం తయారుచేయడం చాలా కష్టమైంది. మిసిసిపీలో క్లార్క్స్‌డేల్ దగ్గర హాప్సన్ తోటలో పత్తి తీసే యంత్రాల్ని జనం ముందు నడిపి చూపించింది 1944 అక్టోబరులో. మనిషి గంటకి 20 పౌండ్లు తీస్తే ఆ యంత్రం 1,000 పౌండ్లు తీసింది. 1944! అప్పటిదాకా అమెరికా పత్తి దాదాపు అంతా చేతులతో తీసిందే. యంత్రం కోసం ఎదురుచూసి ఉంటే లింకన్ తర్వాత ఇంకో 80 ఏళ్లు చూడాల్సి వచ్చేది. ఆదిలాబాద్ చేలల్లో ఇప్పటికీ చేత్తోనే తీస్తున్నారన్నది మీరూ చూసే ఉంటారు.

"ఫ్యాక్టరీల్లో బానిసలు పనికిరారు, పరిశ్రమలు వస్తే పద్ధతి కూలిపోయేది" అనేవారూ ఉన్నారు. రిచ్మండ్‌లో ట్రెడెగర్ ఇనుప కార్ఖానా ఉండేది, దక్షిణాదిలో పేరున్నది. అక్కడ బానిసలు కొలిమి దగ్గర నైపుణ్యం కావాల్సిన పనులే చేశారు. 1847లో తెల్ల కార్మికులు బానిసల్ని పెట్టొద్దని సమ్మె చేస్తే యజమాని సమ్మె చేసినవాళ్లని తీసేసి బానిసలతోనే నడిపించాడు. అదే ఊళ్లో పొగాకు ఫ్యాక్టరీలు ఉండేవి, వాటిలోనూ బానిసలే. ఒక ఏడాదికి అద్దెకిచ్చే పద్ధతి కూడా బాగా నడిచింది. పద్ధతి చాలా తేలిగ్గా కొత్త పనులకి అలవాటు పడగలదని దీన్నిబట్టి తెలుస్తుంది.

చచ్చిపోతున్న వ్యాపారంలో సరుకు ధర పడిపోతుంది. ఇక్కడ 1850లలో బానిస ధర పెరుగుతూ పోయింది. 1860లో న్యూ ఆర్లీన్స్‌లో వయసులో ఉన్న మగ కూలీ ధర 1,500 డాలర్లు దాటింది. కొనేవాడు రేపటి మీద, కొన్న మనిషి పిల్లల మీద, వాళ్ల పిల్లల మీద నమ్మకం పెట్టుకునే అంత డబ్బు పోశాడు.

ధర అనే మాట వెనక మనిషి కనబడాలి. 1859 మార్చి 2, 3 తేదీల్లో జార్జియాలో సవానా ఊరి బయట గుర్రప్పందేల మైదానంలో పియర్స్ బట్లర్ అనే యజమాని అప్పులు తీర్చుకోవడానికి 430 మంది దాకా మనుషుల్ని వేలం వేశాడు. రెండు రోజులూ ఒకటే వాన. న్యూయార్క్ నుంచి ఒక విలేకరి కొనుగోలుదారుడిలా లోపలికి వెళ్లి, చూసిందంతా రాశాడు. అందులో జెఫ్రీ అనే 23 ఏళ్ల కుర్రవాడున్నాడు, సరుకు నంబరు 319. 1,310 డాలర్లకి అమ్ముడుపోయాడు. అతను మనసిచ్చిన డోర్కస్ నంబరు 278. ఆమె వంతు ఇంకా రాలేదు. జెఫ్రీ టోపీ చేతిలో పట్టుకుని కొత్త యజమాని దగ్గరికి వెళ్లి ఆమెని కూడా కొనమని బతిమాలాడు. పొడుగు మనిషండీ, గట్టి చేతులు, తోట మొత్తం మీద వరి పనిలో ఆమెకి సాటి తక్కువ, తేలిగ్గా 1,200 చేస్తుంది అని చెప్పాడు. ప్రేమించిన మనిషి దూరం కాకుండా ఉండాలంటే ఆమె ధర తన నోటితోనే చెప్పాల్సి వచ్చింది. తీరా డోర్కస్‌ని విడిగా అమ్మరని, ఇంకొందరితో కలిపి నలుగురిని ఒక్క లాటుగా అమ్ముతారని తెలిసింది. నలుగురు వద్దన్నాడు యజమాని. ఇద్దరూ చెరో దారిన పోయారు.

"ఇంకో పది ఇరవై ఏళ్లు ఆగితే సరిపోయేది" అన్న మాట వినగానే నాకు ఈ జెఫ్రీయే గుర్తొస్తాడు. ఆ ఇరవై ఏళ్లలో ఎన్ని వేలాలు జరిగేవో! యుద్ధానికి ముందు డెబ్బై ఏళ్లలో వర్జీనియా, మేరీలాండ్ వైపు నుంచి లోపలి దక్షిణానికి సుమారు 10 లక్షల మందిని తరలించారు. అమ్మకానికి వెళ్లినవాళ్లు కొందరు, యజమాని వెంట కాలినడకన వెళ్లినవాళ్లు కొందరు. శాంతికాలం అని మనం అంటున్న కాలం ఇదే.

ఇక బ్రిటన్, బ్రెజిల్. పోలిక మంచిదే, కానీ లోపలికి వెళ్లి చూడాలి.

బ్రిటన్‌లో నిర్ణయం తీసుకున్నది లండన్ పార్లమెంటు. చెరకు తోటలున్నది సముద్రం అవతల జమైకా, బార్బడోస్‌లలో. తోటల యజమానులకి పలుకుబడి ఉన్నా పార్లమెంటుని అడ్డుకునేంత బలం లేదు. పైగా 1831 క్రిస్మస్‌కి జమైకాలో శామ్ షార్ప్ నాయకత్వంలో వేలాది బానిసలు తిరగబడ్డారు. వందల మందిని ఉరితీశారు. ఇక దీన్ని నడపలేమన్న భయం లండన్‌కి పట్టుకుంది ఆ తర్వాతే. శాంతిగా అయిందని మనం రాసుకునే 1833 చట్టం వెనక ఆ ఉరికొయ్యలున్నాయి.

ఆ చట్టంతో మన తెలుగువాళ్లకీ సంబంధం ఉంది. చట్టం ఈస్టిండియా కంపెనీ భూభాగాలకి వర్తించదని అందులోనే రాసుకున్నారు. ఇక్కడ బానిసత్వానికి చట్టబద్ధత తీసేసింది 1843లో. మరోవైపు బానిసలు పోయాక చెరకు తోటలకి చవక చేతులు కావాల్సి వచ్చి, ఒప్పందపు కూలీల పేరుతో భారతీయుల్ని ఓడలెక్కించారు. కాకినాడ పక్కనే ఉన్న కోరంగి రేవు నుంచి మారిషస్ వెళ్లిన మనవాళ్లు ఆ ఓడల్లోనే వెళ్లారు. 1860లో మద్రాసు నుంచి నటాల్ (ఇప్పటి దక్షిణాఫ్రికాలోది) వెళ్లిన మొదటి ఓడలోనూ తెలుగువాళ్లున్నారు. బ్రిటన్ "యుద్ధం లేని" పరిష్కారానికి కట్టిన వెలలో కొంత మన కోస్తా జిల్లాల కుటుంబాలు కట్టాయి.

బ్రెజిల్‌ది వేరే కథ. అక్కడ బానిసల జనాభా తనంతట తాను పెరగలేదు, చావులు ఎక్కువ. ఆఫ్రికా నుంచి కొత్తవాళ్లని తెస్తేనే నడిచేది. 1850లో ఆ రవాణా ఆగిపోయాక సంఖ్య పడిపోతూ వచ్చింది. 1872లో 15 లక్షలు, 1887కి 7 లక్షల చిల్లర. అమెరికా అలా కాదు. 1808లోనే దిగుమతి నిషేధించినా ఏమీ తగ్గలేదు, పుట్టుకలతోనే దశాబ్దానికి 23 శాతం పైగా పెరిగింది. అదే వేగంతో సాగితే 1900 నాటికి 90 లక్షలు దాటేవారు. పోలికలో అసలు కీలకం ఇదేనని నా అభిప్రాయం. బ్రెజిల్‌లో కాలం బానిసత్వాన్ని తగ్గించింది. అమెరికాలో కాలం దాన్ని పెంచింది.

అయినా బ్రెజిల్‌లో కూడా అది దానంతటదే పోలేదు. 1881లో సియారా తీరంలో పడవలవాళ్లు బానిసల్ని ఓడలకి చేర్చబోమని మొండికేశారు. 1887లో సావో పాలో కాఫీ తోటల నుంచి బానిసలు వేలకొద్దీ నడిచి వెళ్లిపోయారు. పారిపోయినవాళ్లని పట్టుకునే పని మాకు చెప్పొద్దని సైన్యాధికారులు విన్నవించుకున్నారు. 1888 మే 13న యువరాణి ఇజబెల్ రద్దు చట్టం మీద సంతకం పెట్టేనాటికి తోటలు సగం ఖాళీ అవుతున్నాయి. అంత చేసినా అమెరికా కన్నా 23 ఏళ్లు ఆలస్యం.

అమెరికాలో ఈ దారులన్నీ ఎలా మూసుకుపోయాయో చూస్తే చాలా ప్రశ్నలు తీరతాయి. యజమానులు అక్కడ ప్రభుత్వం బయట లేరు, ప్రభుత్వంలోనే ఉన్నారు. బానిసకి ఓటు లేదు గానీ, సీట్ల లెక్కలో ఐదుగురిని ముగ్గురుగా లెక్కించి ఆ బలం యజమానికే ఇచ్చారు. 1850 చట్టంతో పారిపోయినవాళ్లని పట్టి అప్పగించడం ఉత్తరాదివాళ్ల విధి అయింది. 1857లో, స్వేచ్ఛ కోసం కోర్టుకెక్కిన డ్రెడ్ స్కాట్ అనే బానిస కేసులో సుప్రీంకోర్టు, నల్లజాతివారు పౌరులే కాలేరని, కొత్త భూభాగాల్లో బానిసత్వాన్ని నిషేధించే అధికారం కాంగ్రెస్‌కి లేదని తేల్చేసింది. వర్జీనియాలో మాత్రం, 1831లో నాట్ టర్నర్ అనే బానిస నడిపిన తిరుగుబాటు తర్వాత, క్రమంగా రద్దు చేద్దామా అని శాసనసభలో నిజంగా చర్చ జరిగింది. 73-58తో వీగిపోయింది. ఆ తర్వాత లోపలి దక్షిణంలో ఆ మాట ఎత్తే సాహసం ఏ సభా చేయలేదు.

రాజ్యాంగ సవరణకి నాలుగింట మూడొంతుల రాష్ట్రాలు ఒప్పుకోవాలి. బానిస రాష్ట్రాలు 15. అవన్నీ కాదంటే మిగిలినవి 45 ఉండాలి, మొత్తం 60. ఇవాళ్టికి కూడా అమెరికాలో ఉన్నవి 50. సరే, నాలుగు సరిహద్దు రాష్ట్రాలు మనసు మార్చుకున్నాయనుకుందాం. పదకొండు మిగులుతాయి. వాటిని దాటాలంటే మొత్తం 44 రాష్ట్రాలు కావాలి, మిగతా 33లో ఒక్కటీ జారకూడదు. యుద్ధం వల్లే పుట్టిన వెస్ట్ వర్జీనియాని లెక్కలోంచి తీసేస్తే 44 అయ్యేది 1896లో. అదీ దక్షిణాదివాళ్లు ఎక్కడా కొత్త బానిస రాష్ట్రం కలపకుండా ఉంటే. వాళ్లకి క్యూబా మీద కన్నుండేది. నికరాగువాని ఆక్రమించిన విలియమ్ వాకర్ అనే అమెరికన్ సాహసికుడు 1856లో అక్కడ ఎప్పుడో రద్దయిన బానిసత్వాన్ని మళ్లీ చట్టబద్ధం చేశాడు. వాళ్ల ప్రయత్నమంతా విస్తరించడానికే.

లింకన్ వస్తే బానిసత్వం రద్దు చేసేవాడన్న అపోహ కూడా చాలామందికి ఉంది. ఉన్న రాష్ట్రాల్లో దాని జోలికి వెళ్లనని ప్రమాణ స్వీకార ప్రసంగంలోనే చెప్పాడు. కొత్త ప్రాంతాలకి పాకకుండా ఆపుతానన్నాడు, అంతే. యుద్ధం ఆపడానికి 1861 మార్చి 2న సెనేట్ ఒక సవరణ ఆమోదించింది. రాష్ట్రాల్లో ఉన్న బానిసత్వాన్ని కాంగ్రెస్ ఎప్పటికీ ముట్టుకోకుండా రాజ్యాంగంలోనే రాసేద్దామని. ప్రతినిధుల సభ అంతకు ముందే 133-65తో ఆమోదించింది. కొన్ని రాష్ట్రాలు ఒప్పుకున్నాయి కూడా. అంటే యుద్ధం రాకుండా ఉంటే, బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ సవరణ స్థానంలో మనం చదువుకునేది బానిసత్వాన్ని కాపాడే సవరణ అయ్యుండేది. తరగతిలో ఈ మాట చెప్పినప్పుడల్లా పిల్లలు ఒక్క నిమిషం నిశ్శబ్దమైపోయేవారు.

ఎన్నాళ్లు పట్టేదని లింకన్‌కే ఒక అంచనా ఉంది. 1858 సెప్టెంబరులో ఇల్లినాయ్‌లోని చార్లెస్టన్‌లో జరిగిన చర్చలో, శాంతిగా జరిగితే పూర్తిగా అంతరించడానికి వందేళ్లకు తక్కువ పట్టదన్నాడు. యుద్ధం మధ్యలో, 1862 డిసెంబరులో కూడా, 1900 జనవరి 1 దాకా గడువిచ్చి పరిహారంతో రద్దు చేద్దామని కాంగ్రెస్ ముందు పెట్టాడు. బానిసత్వాన్ని ద్వేషించిన మనిషి, చేతిలో సైన్యం ఉన్న మనిషి అడిగిన గడువే 37 ఏళ్లు.

ఇంకో ఊహ ఉంది. దక్షిణాది విడిపోతానంటే ఉత్తరాది పోనిచ్చి ఉంటే? అప్పుడు పారిపోయినవాళ్లని అప్పగించే చట్టం ఉండదు, సరిహద్దు దాటితే స్వేచ్ఛే. దానివల్ల ఉత్తరానికి దగ్గరున్న జిల్లాల్లో బానిసత్వం నీరుగారిపోయేది, నిజమే. కానీ మిసిసిపీ మధ్యలో ఉన్నవాడు ఎంత దూరం పరిగెత్తగలడు? కొత్త సమాఖ్య రాసుకున్న రాజ్యాంగం బానిసల మీద ఆస్తి హక్కుని దెబ్బతీసే చట్టాన్ని తన కాంగ్రెస్‌కి నిషేధించింది. విడిపోతున్నప్పుడు మిసిసిపీ చేసిన ప్రకటనలో, తమ స్థితి బానిసత్వంతో పూర్తిగా ముడిపడి ఉందని, అది ప్రపంచంలోకెల్లా గొప్ప భౌతిక ప్రయోజనమని రాసుకున్నారు. దాచుకోలేదు. బ్రిటన్ ఒత్తిడి చేసేదంటారు, కానీ మాంచెస్టర్ మిల్లులు అప్పటిదాకా ఆ పత్తే కొన్నాయి. యుద్ధంలో పత్తి రాక ఆగిపోయాకే వాళ్ల చూపు ఈజిప్టు మీద, మన దేశం మీద గట్టిగా పడింది. కృష్ణా, గుంటూరు ప్రాంతపు పత్తి కాకినాడ రేవు మీదుగా వెళ్లి ఆ ఊరు ఒక్కసారిగా కళకళలాడింది అప్పుడే.

యుద్ధం ఒక్కటే అంతా చేసిందని కూడా అనను. 1861 మే 23 రాత్రి ముగ్గురు బానిసలు పడవేసుకుని, వర్జీనియాలో ఉన్నా ఉత్తరాది సైన్యం చేతిలోనే ఉన్న మన్రో కోటకి చేరారు. ఫ్రాంక్ బేకర్, జేమ్స్ టౌన్సెండ్, షెపర్డ్ మాలరీ. దక్షిణాది సైన్యం వాళ్లతో ఫిరంగి దిబ్బలు కట్టిస్తోంది. మరునాడు యజమాని తరఫు మనిషి వచ్చి తిరిగివ్వమన్నాడు. కోటలో ఉన్న ఉత్తరాది జనరల్ బెంజమిన్ బట్లర్ (వేలం వేసిన బట్లర్ వేరు), మీరు పరాయి దేశమని మీరే అంటున్నారు, కాబట్టి మా చట్టం మీకు వర్తించదు, శత్రువు వాడుకునే ఆస్తిగా జప్తు చేసుకుంటున్నానన్నాడు. కొద్దిరోజుల్లోనే వందల మంది వచ్చారు, యుద్ధం ముగిసేలోపు లక్షల మంది తోటలు విడిచి వచ్చారు. సుమారు 1,80,000 మంది నల్లజాతి సైనికులు ఉత్తరాది సైన్యంలో చేరారు. వాళ్లు ఎప్పుడూ స్వేచ్ఛ కోరుతూనే ఉన్నారు. పారిపోతే పట్టి అప్పగించని చోటు ఒకటి దగ్గర్లోకి వచ్చింది, అంతవరకే యుద్ధం చేసింది. ఏడు లక్షల దాకా ప్రాణాలు పోయాయన్న బాధ నాకూ ఉంది. కానీ ఆ యుద్ధాన్ని మొదలుపెట్టింది బానిసల్ని విడిపించాలనుకున్నవాళ్లు కాదు, విడవనన్నవాళ్లు.

యుద్ధం తర్వాత కూడా పూర్తి స్వేచ్ఛ రాలేదని మీరనొచ్చు. ఒప్పుకుంటాను. పంటలో వాటాకి చేసే పాలు సేద్యంలో అప్పుల పాలైనవాళ్లు, చిన్న నేరానికి జైల్లో పెట్టి గనులకి అద్దెకిచ్చినవాళ్లు లక్షల్లో ఉన్నారు. అలబామాలో ఖైదీల్ని అద్దెకిచ్చే పద్ధతి 1928 దాకా నడిచింది. ఒకసారి ఓడిపోయి, చట్టం మారిపోయాక కూడా ఇంత పట్టు చూపించినవాళ్లు, ఓటమే లేకుండా ఉంటే ఏ ఒత్తిడికి వదిలేసేవారో మీరే ఆలోచించండి.

చివరిగా మళ్లీ డెలావేర్. పైన చెప్పిన 33 రాష్ట్రాల లెక్కలో అది కూడా ఉంది కదా, దాని ఓటు తప్పనిసరి. డెలావేర్ యుద్ధంలో ఉత్తరాది పక్షానే ఉంది. 1865 ఫిబ్రవరిలో, దక్షిణాది ఓటమి ఖాయమైపోయాక కూడా, 13వ సవరణని తిరస్కరించింది. మిగతా రాష్ట్రాల ఓట్లతో డిసెంబరులో అది అమల్లోకి వచ్చేదాకా అక్కడి బానిసలు బానిసలుగానే ఉన్నారు. డెలావేర్ చట్టసభ ఆ సవరణకి ఆమోదం తెలిపింది 1901 ఫిబ్రవరి 12న, దేశంలో బానిస అనేవాడు లేకుండా పోయిన 35 ఏళ్లకి.